సీఎక్స్‌సీఆర్4ని అడ్డుకుంటే క్యాన్సర్ పాకడం ఆగుతుందా?

పద్మజ: రొమ్ము క్యాన్సర్ ఎముకలకీ ఊపిరితిత్తులకీ లివర్‌కీ ఎక్కువగా ఎందుకు పాకుతుందో 2001లోనే నేచర్ జర్నల్‌లో చూపించారు. ఆ అవయవాల్లో సీఎక్స్‌సీఎల్12 అనే కీమోకైన్ (కణాల్ని తనవైపు రప్పించుకునే సిగ్నల్ ప్రోటీన్) ఎక్కువ, దాన్ని పసిగట్టే సీఎక్స్‌సీఆర్4 రిసెప్టర్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువ. ఎలుకల్లో యాంటీబాడీతో అడ్డుకుంటే పాకడం తగ్గింది కూడా. మరి ఇన్నేళ్లయినా ఆ దారి ఎందుకు మూయలేదు?

కణశోధి: ఎందుకంటే అది మన తెల్లకణాల దారి కూడా అండి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బోన్ మ్యారోలో (ఎముక మజ్జలో) ఆగడానికి ఇదే సిగ్నల్ కావాలి. విమ్ సిండ్రోమ్‌లో జన్యు లోపం వల్ల ఈ రిసెప్టర్ అతిగా పనిచేసి అవి మ్యారోలోనే ఇరుక్కుపోతాయి, ఒంటికి ఇన్ఫెక్షన్లు తప్పవు. ఎక్కువైనా కష్టమే, తగ్గినా కష్టమే.

రఘు: మందు లేదన్నట్టు మాట్లాడుతున్నారేంటి, ఈ రిసెప్టర్‌ని అడ్డుకునే ప్లెరిక్సాఫర్ 2008లోనే అమెరికాలో అప్రూవ్ అయింది.

కణశోధి: అది మూలకణాల్ని మ్యారోలోంచి రక్తంలోకి రప్పించి సేకరించడానికి. వ్యాప్తి ఆపడానికి కాదు.

రఘు: క్యాన్సర్ పేషెంట్లకి ఇస్తారా ఇవ్వరా? అది చెప్పండి ముందు.

కణశోధి: మైలోమా, లింఫోమా అనే రక్త క్యాన్సర్లున్న వాళ్లకి మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్ ముందు ఇస్తారు. నేను చెప్పిందీ అదే.

రఘు: ఇస్తారు కదా. అంతే.

సుధీర్: రఘు గారూ అసలు ప్రశ్న అది కాదండీ

పద్మజ: ఇంకో సంగతి వదిలేశారు. ట్యూమర్ చుట్టూ ఉండే ఫైబ్రోబ్లాస్ట్‌లే (కణజాలానికి ఆధారమిచ్చే కణాలు) సీఎక్స్‌సీఎల్12 వదిలి క్యాన్సర్‌ని చంపగల టీ కణాల్ని లోపలికి రానివ్వవు. 2013లో పాంక్రియాస్ క్యాన్సర్ ఎలుకల్లో ఈ రిసెప్టర్‌ని అడ్డుకుంటే టీ కణాలు లోపలికెళ్లాయి, టీ కణాలకి బ్రేక్ వేసే పీడీ-ఎల్1ని అడ్డుకునే యాంటీబాడీ కూడా కలిస్తే ట్యూమర్ బాగా తగ్గింది. అంటే అడ్డుకోవడం ఇమ్యూనిటీకి సాయమే చేసింది.

కణశోధి: మళ్లీ ఎలుకలే. సీసీఎల్2 అనే ఇంకో కీమోకైన్ సంగతి కూడా చూడండి, అదీ ఎలుకల్లోనే. దాన్ని అడ్డుకున్నంతకాలం మోనోసైట్లు అనే తెల్లకణాలు మ్యారోలో ఆగాయి, మందు ఆపగానే ఒక్కసారిగా బయటికొచ్చి మెటాస్టాసిస్ (క్యాన్సర్ పాకడం) ఇంకా వేగంగా పెరిగింది, 2014లో వచ్చిన పేపర్ అది. ఇవేవీ చెప్పకుండా "దారి మూసేస్తే చాలు" అంటే పేషెంట్లు ఏమైపోవాలి? మా బాబాయి ఇలాంటి వార్త ఒకటి చదివి కొత్త మందు వస్తోందని కీమో వాయిదా వేసుకుంటూ పోయాడు. ఆయన ఇప్పుడు లేడు.

పద్మజ: మీ బాబాయి గారి విషయం విని చాలా బాధగా ఉంది. కానీ "చాలు" అన్న మాట నేనెక్కడన్నాను? మా అమ్మకి ఆపరేషన్ అయ్యాక ఎముకలకి పాకింది, ఎముకలకే ఎందుకు అని అడిగితే డాక్టర్ తలెత్తి కూడా చూడలేదు, ఇవన్నీ మీకెందుకమ్మా అన్నాడు. నాకు కావలసింది కారణం, మందు పేరు కాదు. తెలిస్తే ఆశ పెట్టుకుంటారని మీరు దాచమంటున్నారు.

కణశోధి: దాచమనట్లేదు. ఎలుకల్లో జరిగింది ఎలుకల్లో జరిగిందని ప్రతి వాక్యంలో చెప్పమంటున్నా.

పద్మజ: మొదటి పోస్టులో చెప్పాను, మళ్లీ చదవండి.

కణశోధి: చెప్పారు, ఆ వెంటనే "ఎందుకు మూయలేదు" అన్నారు. మా బాబాయి చదివేది ఆ రెండో ముక్కే.