బయోడీజిల్ కడిగితే మజ్జిగలా అయింది, విడిపోవట్లేదు

ప్రశ్న:
మిర్చిబజ్జీల బండి నుంచి తెచ్చిన పామాయిల్ ఒక లీటరు వడకట్టాను. 3.5 గ్రా. కాస్టిక్ సోడాను 200 మి.లీ. మిథనాల్‌లో కరిగించి, నూనెలో పోసి 55 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పాను. అడుగున గ్లిజరిన్ కొంచెమే దిగింది. పైన తేలిన బయోడీజిల్‌ను సీసాలో నీళ్లతో గిలకొడితే చిక్కటి మజ్జిగలా అయింది, రెండు రోజులైనా విడిపోలేదు. తప్పెక్కడ? ఆయిల్ ఇంజన్ పంపుసెట్టుకు డీజిల్ బదులు వాడదామని.

జవాబు 1:
3.5 గ్రాములు తాజా నూనె లెక్క అండీ. పదేపదే కాగిన నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు (నూనె విరిగి ఏర్పడే ఆమ్లాలు) పెరుగుతాయి. మీరు వేసిన సోడాలో చాలా భాగం వాటితో కలిసి సబ్బైపోయింది, రియాక్షన్ సగంలో ఆగింది. ఆ ఆమ్లం ఎంతుందో కొలిచే టైట్రేషన్ తప్పదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 1 గ్రా. కాస్టిక్ సోడా కలపండి. 10 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మి.లీ. నూనె, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (సోడా ఎక్కువైతే గులాబీ రంగెక్కే ద్రావణం) వేసి, ఆ సోడా నీళ్లను సిరంజితో చుక్కచుక్కగా వదలండి. గులాబీ రంగు అరనిమిషం నిలిచేదాకా ఎన్ని మి.లీ. పడితే అన్ని గ్రాములు 3.5కి కలపాలి. ఫినాఫ్తలీన్ దొరక్కపోతే పసుపు చాలు, ఎర్రబడుతుంది. 6 మి.లీ. దాటిన నూనె జోలికి వెళ్లొద్దు.

జవాబు 2:
నీటి సంగతి ఎవరూ ఎత్తలేదు. బజ్జీల నూనెలో తేమ ఖాయం, తేమ ఉంటే మళ్లీ సబ్బే. వేడి పెనం మీద చుక్క వేస్తే చిటపటలాడిందంటే ఇంకా తడి ఉన్నట్టు. 110 డిగ్రీల దాకా కాచి, బుడగలు ఆగాక 55కి చల్లార్చి అప్పుడు మిథనాల్ కలపాలి. మొదటి కడుగుకు గిలకొట్టడం పెద్ద పొరపాటు: గోరువెచ్చని నీళ్లు పైనుంచి సన్నగా చిలకరించి వదిలేయాలి.

జవాబు 3:
అల్యూమినియం గిన్నె, జింక్ పూత బకెట్ అస్సలు వాడకండి, సోడా తినేస్తది. స్టీలు లేదా హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) వాడండి. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతది, మంట పగలు కనబడదు. గ్యాస్ పొయ్యి మీద కాదు, ఆరుబయట, ఎలక్ట్రిక్ హీటర్‌తో, అదీ వేడి నీళ్ల తొట్టిలో గిన్నె పెట్టి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు ఉండాలె.

ప్రశ్న అడిగినవారు:
టైట్రేషన్ 2.8 వచ్చింది. అంటే 6.3 గ్రా. కదా? పాడైన లీటరును ఏం చేయను?

జవాబు 1:
అవును, 6.3. పాడైనదాన్ని వెచ్చచేసి వేడి ఉప్పునీళ్లు కలిపి ఒక పూట కదపకుండా ఉంచండి, విడిపోతుంది. నీళ్లు తీసేసి, పూర్తిగా ఆరబెట్టి, 3 మి.లీ.ను 27 మి.లీ. మిథనాల్‌లో కలపండి. అడుగున నూనె చుక్క మిగిలితే రియాక్షన్ మళ్లీ చేయాల్సిందే. ఏమీ మిగలకపోతే నాలుగైదుసార్లు కడగండి, చివరి నీళ్లు తేటగా రావాలి. ఇంజన్‌లో ముందు డీజిల్‌తో ఐదో వంతు కలిపి నడపండి, పాత మడ్డి ఊడి ఫిల్టర్ మూసుకుపోతుంది కాబట్టి ఒక ఫిల్టర్ దగ్గర ఉంచుకోండి. పామాయిల్‌ది కనక చలికాలం తెల్లవారుజామున గడ్డకట్టొచ్చు, అప్పుడు డీజిల్ వాటా పెంచండి.