బందరు రోడ్డు మ్యూజియం: "పట్టాభిషేక స్వర్ణోత్సవం" అనవచ్చా?

ప్రశ్న: బెజవాడ బందరు రోడ్డులోని విక్టోరియా జూబిలీ మ్యూజియం (ఇప్పటి బాపు మ్యూజియం) మీద పిల్లల పత్రికకు చిన్న వ్యాసం రాస్తున్నాను. "విక్టోరియా రాణి పట్టాభిషేక స్వర్ణోత్సవం సందర్భంగా కట్టారు" అని చాలాచోట్ల చదివాను. ఆ మాట అలాగే వాడవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: వద్దండీ, మార్చి రాయండి. విక్టోరియా గద్దెనెక్కింది 1837 జూన్ 20న. కిరీటధారణ జరిగింది మరుసటి ఏడాది, 1838 జూన్ 28న. స్వర్ణోత్సవానికి లెక్క గద్దెనెక్కిన రోజు నుంచే. అందుకే 1887 జూన్ 20, 21 తేదీల్లో లండన్‌లో ఉత్సవాలు జరిగాయి. ఆ జూన్ 27నే అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయెల్ ఇక్కడ శంకుస్థాపన చేశారు. అమరావతి స్తూపం దగ్గర 1877లో తవ్వకాలు జరిపించిన సూయెల్ ఈయనే. పట్టాభిషేకం నుంచి లెక్కేస్తే ఆ రోజుకు 49 ఏళ్లు నిండడానికి కూడా ఇంకా ఒక రోజు తక్కువ! ఇక స్వర్ణోత్సవం ఎక్కడిది?

రామ పట్టాభిషేకం మన నోట్లో అంతగా నానింది కనుక, రాజ్యానికి రావడమంటే పట్టాభిషేకమే అనుకుంటాం. మన పాత శాసనాలు రాసినవారు మాత్రం ఈ విషయంలో చాలా జాగ్రత్తపరులు. నన్నయగారిని ఆదరించిన రాజరాజ నరేంద్రుడి కోరుమిల్లి శాసనం చూడండి. పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ. 1022లో జరిగిందని తిథి వార నక్షత్రాలతో సహా చెప్పింది. తండ్రి విమలాదిత్యుడి పాలన ముగిసిన కొన్నేళ్లకు గానీ ఆయనకు ఆ ముహూర్తం రాలేదు. వెయ్యేళ్ల కిందటే మనవాళ్లు పాటించిన తేడాను ఇప్పుడు మనం పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పెద్దల వ్యాసమైతే "రాజ్యారోహణ స్వర్ణోత్సవం" అనండి. పిల్లలకైతే "రాణి గద్దెనెక్కి 50 ఏళ్లు నిండిన సందర్భంగా" చాలు, హాయిగా అర్థమవుతుంది.

ప్రశ్న: చాలా సంతోషమండీ. "పింగళి వెంకయ్యగారు గాంధీగారికి త్రివర్ణ పతాకం ఇచ్చింది ఇక్కడే" అన్న వాక్యం కూడా ఉంది. దాన్ని ఉంచనా?

జవాబు: ఉంచండి, కానీ "త్రివర్ణ" తీసేసి "జెండా నమూనా" అనండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించింది అక్కడే. వెంకయ్యగారు అప్పుడు గీసి ఇచ్చిన నమూనాలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, మధ్యన రాట్నం. తెలుపు ఆ తర్వాత గాంధీగారి ఆలోచనతో చేరింది. ఆయన పేరు చెప్పుకునేటప్పుడు ఆయన గీసింది గీసినట్టే చెప్పడం మన బాధ్యత.

1962లో ఈ భవనం పురావస్తు మ్యూజియం అయిందనీ, 2020లో బాపుగారి పేరు పెట్టారనీ రెండు ముక్కలు రాస్తే సరిపోతుంది. ఉన్న చోటంతా అల్లూరు నుంచి వచ్చిన తెల్లరాతి బుద్ధుడికివ్వండి. నిలువెత్తు విగ్రహం, ఒంటిని అంటిపెట్టుకున్న వస్త్రం మడతలతో సహా చెక్కారు. ఆ వస్త్రాన్ని "శాలువా" అని మాత్రం రాయకండి. "చీవరం" అనండి, పక్కనే "భిక్షువులు కట్టుకునే బట్ట" అని చేర్చండి.