రోజూ తడిగుడ్డతో కారు తుడిపించడం మంచిదా, చెడ్డదా?

కూకట్‌పల్లి నల్లకారు:
మా వాచ్‌మన్ రోజూ తెల్లారేసరికి పన్నెండు కార్లు తుడుస్తాడు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. నాది నల్ల కారు, కొని ఏడాదిన్నర కూడా కాలేదు. నిన్న రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద చూస్తే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు. ప్రాణం ఉసూరుమంది. తుడవకపోతే దుమ్ముకే రంగు పోతుందని మా బావ వాదన. మాన్పించనా?

మియాపూర్ డీటెయిలింగ్:
మాన్పించండి. దుమ్ము ఊరికే కూర్చుంటే గీత పడదు, దాన్ని రుద్దితే పడుతుంది. రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, అది కారు పూతకన్నా చాలా గట్టిది. రంగు పైనుండే పారదర్శకమైన పూత, అంటే క్లియర్ కోట్, మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుకకన్నా పలచన. గీతలు పోవాలని పాలిష్ పట్టిస్తే అందులోంచే కొంత అరుగుతుంది. ఎన్నిసార్లని అరగదీస్తాం?

విశాఖ బీచ్‌రోడ్డు:
అన్నా, మా సంగతి వేరు. ఇంటి ఎదురుగానే సముద్రం, తెల్లారేసరికి కారంతా ఉప్పు జిడ్డు. పైన చెట్టు మీద కాకులు. రెట్ట పగలంతా ఎండలో ఉంటే మచ్చ దిగిపోతుంది. రోజూ తుడవడం మానెయ్యమంటే ఎలా?

మియాపూర్ డీటెయిలింగ్:
రెట్ట కోసం కారంతా తుడవక్కర్లేదు తమ్ముడూ. తడిపిన గుడ్డ దానిమీద రెండు మూడు నిమిషాలు ఉంచి, నానాక మెల్లగా పైకెత్తెయ్. ఉప్పుకి మంచినీళ్ల ధార చాలు, గుడ్డ పెట్టకు.

మారతహళ్లి తెలుగువాడు:
ధారంటే తేలికే, నీళ్లేవీ? 2024 మార్చిలో ఇక్కడ బెంగళూరులో తాగునీటితో కారు కడిగితే ₹5,000 జరిమానా అన్నారు. నీళ్లు లేని చోట తడిగుడ్డ తప్ప దారేముంది? పైపు పెట్టి కడిగేవాళ్లని చూస్తే నాకు మండుతుంది.

మియాపూర్ డీటెయిలింగ్:
మీ కోపం న్యాయమే. పైపు అక్కర్లేదండీ, నేను రెండు బకెట్లతో కానిస్తాను. ముందు మగ్గుతో పైనుంచి నీళ్లు పోసి ఇసుక జారనివ్వాలి. ఒక బకెట్లో కారు షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించడానికి ఉత్త నీళ్లు. టాపు నుంచి కిందికి రావాలి, చక్రాలకి వేరే గుడ్డ. గిన్నెల సబ్బు వద్దు, రంగుని కాపాడే మైనపు పూత (వాక్స్) ఊడిపోతుంది. గుడ్డ కిందపడితే మళ్లీ కారుకి తగలనివ్వొద్దు, ఈ ఒక్కటీ ఎవరూ వినరు. ఎండలో అస్సలు కడగొద్దు. మన బోరు నీళ్లు వాటంతటవే ఆరితే సున్నపు మచ్చలు మిగులుతాయి. నీడలో పెద్ద మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దితే నీళ్లు పీల్చేస్తుంది, రుద్దే పనే లేదు.

విశాఖ బీచ్‌రోడ్డు:
అద్దడం సరే, ఒప్పుకుంటున్నా. రోజూ నీళ్లు పొయ్యడం మాత్రం మా మూడో అంతస్తువాళ్లకి కుదిరే పని కాదు. నేను తుడుస్తూనే ఉంటా, కాకపోతే గుడ్డ మారుస్తా.

కూకట్‌పల్లి నల్లకారు:
వాచ్‌మన్‌తో మాట్లాడాను. డబ్బులు తగ్గిస్తాననుకుని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తగ్గించనన్నాను. రోజూ అద్దాలు మాత్రమే, ఆదివారం నా బకెట్లతో, నా టవల్‌తో పూర్తిగా కడగడం. పక్క ఫ్లాటాయన కూడా తన కారుకి అలాగే చెయ్యమన్నారట.