శాకాహారుల ఇంట్లో పాపకు మెదడులో బద్దెపురుగు తిత్తి ఎలా వస్తుంది?

ప్రశ్న (ఒక తల్లి):
మా పాపకు నాలుగేళ్లు. గత వారం పాలు తాగుతుండగా కుడి చెయ్యి, మూతి కుడి పక్క రెండు నిమిషాలపాటు కొట్టుకున్నాయి, జ్వరం లేదు. ఎమ్మారైలో ఉంగరంలాంటి మచ్చ ఒకటి, 8 మిల్లీమీటర్లది, దాని మధ్యలో చిన్న చుక్కతో కనిపించిందని, అది బద్దెపురుగు తిత్తి, అంటే న్యూరోసిస్టిసర్కోసిస్ అని చెప్పారు. మేము గుడ్డు కూడా ముట్టము. పంది మాంసంతో వచ్చే జబ్బు మా పాపకెలా వచ్చింది? ఫిబ్రవరిలో అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ వేశారు కదా, మళ్లీ అదే మందు ఎందుకు?

జవాబు (పిల్లల వైద్యురాలు):
అమ్మా, సరిగా ఉడకని పంది మాంసం తిన్నవారి పేగులో పెరిగేది బద్దెపురుగు. ఆ మనిషి మలంతో బయటపడిన గుడ్లు కడగని చేతుల వల్లనో, కలుషితమైన నీళ్ల వల్లనో, పచ్చి కూరగాయల వల్లనో మరొకరి కడుపులోకి వెళ్లినప్పుడు, వాటి నుంచి వచ్చిన పిల్ల పురుగులు పేగు గోడను దాటి, రక్తంతో మెదడుకు చేరి తిత్తులు కడతాయి. కాబట్టి మాంసం ముట్టని ఇంటికీ ఇది వస్తుంది. వంట చేసేవారితో సహా అందరికీ మల పరీక్ష చేయించండి. పురుగు ఉన్న మనిషికి తరచుగా ఆ సంగతే తెలియదు కనుక ఎవరినీ నిందించవద్దు.

అంగన్‌వాడీలో వేసిన ఒక్క మోతాదు పేగులోని నులిపురుగులకు మాత్రమే. మెదడు తిత్తికి కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, రెండు పూటలుగా, సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఇస్తారు. నెయ్యి కలిపిన అన్నం తరువాత వేస్తే మందు ఒంటికి బాగా పడుతుంది. తిత్తి చచ్చేటప్పుడు చుట్టూ వాపు పెరిగి ఫిట్స్ ఎక్కువ కావచ్చు కాబట్టి స్టెరాయిడ్ ముందుగా మొదలుపెడతారు. కంటిలోనూ తిత్తి ఉంటే ఈ మందు చూపుకే ప్రమాదం తేగలదు, అందుకని ముందు కంటి పరీక్ష తప్పనిసరి. మచ్చ 20 మిల్లీమీటర్లు దాటితే టీబీ గడ్డ అనే అనుమానమూ తీర్చుకోవాలి. మీ పాపది చిన్నది, పైగా మధ్యలో పురుగు తల కనిపించింది. వాంతులు, విడవని తలనొప్పి, మగతగా ఉండటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మెదడంతా వాచిన స్థితిలో ఆల్బెండజోల్ మేలుకన్నా కీడే చేస్తుంది.

జవాబు (ఒక తండ్రి):
మా బాబుకు ఇదే జబ్బు వచ్చినప్పుడు, నాలుగు నెలలు ఏమీ లేదు కదా అని ఫిట్స్ మందు మా అంతట మేమే మానేశాము. పదిరోజుల్లో మళ్లీ వచ్చింది. చేతిలో తాళాలు పెట్టాము, నోట్లో చెంచా పెట్టబోయాము. అది తప్పని తరువాత తెలిసింది. ఇప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూస్తాము. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రే. తిత్తి చచ్చి సున్నపు చుక్కలా మిగిలింది, దానికి ఆల్బెండజోల్ అక్కరలేదన్నారు, ఫిట్స్ మందు మాత్రం సాగుతోంది.

ప్రశ్న అడిగిన తల్లి:
మాకు కంటి పరీక్ష చేయలేదండీ. మందు రేపటి నుంచి మొదలుపెట్టమన్నారు. ముందు కళ్లు చూపించాకే వేస్తాము.