మాల్దీవుల టీచర్ ఉద్యోగానికి సంతకం పెట్టి ఇప్పుడు రానంటే తప్పా?

అనంత లెక్కల టీచర్:

నాకు 33 ఏళ్ళు. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. అనంతపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాను, జీతం 18,000. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులన్నారు కదా, ఈసారైనా వస్తుందని ఆశపడ్డాను. రాలేదు. ఆ ఉడుకులోనే ఇక్కడే ఊళ్ళో ఒక ఏజెంటును కలిశాను. మాల్దీవుల్లో ఒక దీవిలో బడి, పెద్ద తరగతులకు లెక్కలు, నెలకు 14,000 రుఫియాలు, ఇల్లు వాళ్ళదే. మన డబ్బుల్లో 75 వేలకు పైనే. రెండేళ్ళ కాంట్రాక్టు.

వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అయింది. ప్రిన్సిపాల్ మేడమ్ చాలా బాగా మాట్లాడారు. చివర్లో ఫోను తిప్పి తొమ్మిదో తరగతి గది చూపించి, "రెండు నెలలుగా వీళ్ళకు లెక్కల టీచర్ లేరు, తొందరగా రండి" అన్నారు. వెనక బెంచీలో ఒక పిల్ల చెయ్యి ఊపింది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాను. ఏజెంటుకు 60,000 ఇచ్చాను. రసీదు అడిగితే "అన్నీ అయినాక ఒకేసారి ఇస్తాలేమ్మా" అన్నాడు. డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్, పాస్‌పోర్టు అటెస్టేషన్ పనికని తీసుకున్నాడు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఒకటి ఇచ్చాను. (తిట్టండి, పర్వాలేదు.)

వర్క్ పర్మిట్ అప్రూవల్ వచ్చింది. ఇంకో 12 రోజుల్లో బెంగళూరు నుంచి ఫ్లైటు. ఇప్పుడు నాకు పోబుద్ధి కావడం లేదు. పాపకు నాలుగేళ్ళు. సూట్‌కేసు కొని తెచ్చిన రోజు నుంచి దాంట్లో ఎక్కి పడుకుంటోంది, దింపితే ఏడుపు. ఇంకోటి కూడా దాచకుండా చెబుతాను. మా కరస్పాండెంట్‌కు విషయం తెలిసి, ఉండిపోతే 26,000 ఇస్తానన్నాడు. తొమ్మిదేళ్ళలో అడక్కుండా ఒక్క రూపాయి పెంచని మనిషి.

ఏజెంటుకు చెబితే, "రానంటే 80,000 కట్టు, లేదంటే చెక్కు బ్యాంకులో వేస్తా, అంతవరకు సర్టిఫికెట్లు రావు" అంటున్నాడు. మా ఆయన కట్టి పారేద్దామంటాడు. మా నాన్న సంతకం పెట్టినాక పోవాల్సిందే అంటాడు. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. రానంటే తప్పు చేసినట్టేనా?

కడప పాత హెచ్.ఎం.:

అమ్మా, మీ నాన్న మాటే నా మాట. జూన్‌లో చేరి దసరాకు మానేసే టీచర్లను చాలామందిని చూశాను. ప్రతి ఒక్కరికీ ఒక కారణం ఉంటుంది, అన్నీ నిజమైన కారణాలే. ఆ సెక్షన్ పిల్లలు పదో తరగతికి వచ్చి త్రికోణమితి దగ్గర ఎట్లా నిలబడిపోయేవాళ్ళో కూడా చూశాను. ఏజెంటు మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి. నీ పాపకు సంతకం పెట్టిన రోజున కూడా నాలుగేళ్ళే కదా. 26,000 మాట రాకపోయి ఉంటే ఈ పోస్టు రాసేదానివా? కోపం తెచ్చుకోకు, అడగాలనిపించింది.

పుట్లూరు చీనీతోట:

హెచ్.ఎం. సార్‌కు నమస్కారం. మా వైపు చీనీ తోటకు వ్యాపారి వచ్చి చెట్ల మధ్య తిరిగి, రేటు మాట్లాడి, బయానా ఇచ్చి పోతాడు. అనంతపురం మార్కెట్లో టన్ను రేటు పడిందంటే ఇక ఫోను ఎత్తడు. కాయ చెట్టు మీదే పండి రాలుతుంది. బయానా పోయిందిలే అనుకుంటాడు, అంతే. ఎవరూ ఆయన్ను మాట తప్పినోడని అనరు, వ్యాపారం అంటారు. అదే రైతు రేటు పెరిగిందని ఇంకొకరికి కోయించాడనుకో, ఊరంతా మాట, మర్యాద అని మొదలుపెడతారు. మాట ఎప్పుడూ కిందున్నోడికేనా సార్?

అక్కా, ఆ 60,000 బయానా అనుకో. వదిలేయ్. సర్టిఫికెట్లు తెచ్చుకో.

కడప పాత హెచ్.ఎం.:

రేటు పడితే పారిపోయే వ్యాపారిని నేనెప్పుడు మెచ్చుకున్నాను నాయనా? ఆయన చేసిన పనే మనమూ చేద్దామంటున్నావు నువ్వు.

విమానం టికెట్టు:

నేను ఈ పనిలోనే ఉన్నాను, విదేశాల బడులకు టీచర్లను పంపుతాం. నన్నూ నాలుగు తిడతారని తెలిసే రాస్తున్నా.

ఒక టీచర్ ఆఖర్లో మానేస్తే మాకు పోయేది అటెస్టేషన్ ఖర్చు ఒక్కటే కాదు. ఆ బడి మళ్ళీ మమ్మల్ని నమ్మదు. "మీ వైపు వాళ్ళు వస్తామంటారు, రారు" అని ఒక ప్రిన్సిపాల్ నాతో మొహం మీదే అన్నాడు. ఆ తర్వాత నేను పంపిన గుత్తి అబ్బాయి ఫైలు తెరవను కూడా లేదు. ఆ అబ్బాయి ఎవరి మాట తప్పాడు చెప్పండి?

ఖాళీ చెక్కు తీసుకోవడం తప్పే. నేనూ మొదట్లో తీసుకున్నా, మానేశా. కానీ బాండ్లేవీ చెల్లవని ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్ళలోపు ఉద్యోగం వదిలితే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. సంతకానికి విలువ ఉంది మేడమ్.

కర్నూలు వకీలు:

టికెట్టు గారు తీర్పు సగమే చెప్పారు. ఆ కేసులో ఆయన ఉద్యోగంలో చేరాడు, జీతం తీసుకున్నాడు, మూడేళ్ళు నిండకముందే ఇంకో బ్యాంకుకు వెళ్ళాడు. ప్రభుత్వ బ్యాంకు ఖాళీ నింపుకోవాలంటే మళ్ళీ బహిరంగ ప్రకటన ఇచ్చి, నియామకం మొత్తం జరపాలి. ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ఇక్కడ ఈమె చేరనే లేదు. పైగా ఏజెంటు ఈమె యజమాని కాడు.

మేడమ్, మీరు సంతకం పెట్టిన కాగితాల్లో 80,000 అన్న అంకె ఎక్కడైనా ఉందా? మొదట అది చూడండి. ఉన్నా సరే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఆ అంకె పైపరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. లేకపోతే జరిగిన నష్టానికి లెక్క ఆయనే చూపాలి. అట్లాగని మీరు చేతులు దులుపుకోవచ్చని కాదు. మీకోసం నిజంగా పెట్టిన ఖర్చు ఆయనకు రావాలి. మనసు మారిన మనిషిని బలవంతంగా పనికి పంపమని మాత్రం ఏ కోర్టూ చెప్పదు.

పాస్‌పోర్టు సంగతి. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. మీదే కాదది, ఇక ఆయనది ఎట్లా అవుతుంది? బాకీ ఉందని పట్టుకుని కూర్చునే హక్కు ఏ ప్రైవేటు మనిషికీ లేదు.

చెక్కు దగ్గర జాగ్రత్త. డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పి స్టాప్ పేమెంట్ పెట్టేస్తే కేసుండదని ఎవరైనా అంటే నమ్మకండి, అప్పుడు కూడా చెక్కు బౌన్సుకు వర్తించే 138 సెక్షన్ కింద కేసు వేయొచ్చు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు ఆయన మీకు నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి మీకు 15 రోజులు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ నోటీసును దేవుడి పటం వెనక పెట్టి మర్చిపోయినవాళ్ళే. మీరు ఆ అవసరం రాకముందే ఒక లెటర్ రాయండి: చెక్కు ఏ అప్పుకూ ఇచ్చింది కాదు, ఫలానా తేదీన ఖాళీగా తీసుకున్నారు, నంబరు ఇది, ఒరిజినల్స్ ఇవి, తిరిగివ్వండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లోనూ పెట్టండి.

విదేశాలకు పనికి పంపే ఏజెంట్లు రిజిస్టర్ అయ్యే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ ఏజెంటు పేరు ఉందేమో చూడండి. అక్కడ రిజిస్టర్ అయినవాళ్ళు తీసుకోగలిగే సేవా రుసుము 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, రసీదుతో. మీరిచ్చింది 60,000, రసీదు లేకుండా.

అనంత లెక్కల టీచర్:

సార్, ఆ వెబ్‌సైటు మాట ఎత్తితే "నీది ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు, ఆ రూల్స్ నీకు లేవు" అన్నాడు.

కర్నూలు వకీలు:

ఈసీఎన్‌ఆర్ అంటే మీరు వెళ్ళడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదని. అది మీ పాస్‌పోర్టు సంగతి. ఆయన రసీదు ఇవ్వకపోవడానికి అది కారణం ఎట్లా అవుతుంది? జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. వినియోగదారుల కమిషన్‌లో కూడా 5 లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు.

ప్రొద్దుటూరు మేడమ్:

ఇంతమంది ఇంత రాశారు, ఒక్కరూ ఆ ప్రిన్సిపాల్ గురించి అడగలేదు.

నేను 2013 నుంచి 2019 వరకు మాల్దీవుల్లో ఉత్తరం వైపు ఒక దీవిలో ఫిజిక్స్ చెప్పాను. మాలే నుంచి హనిమాధూకు చిన్న విమానం, అక్కడి నుంచి బోటు. మే తర్వాత గాలి లేస్తే ఫెర్రీ ఆగిపోయేది, రెండు రోజులు ఉల్లిగడ్డలు కూడా దొరికేవి కావు. సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం ఉదయం బడికి పోతుంటే ప్రొద్దుటూరులో అందరూ ఇంకా పడుకునే ఉంటారని ఏడుపొచ్చేది. జీతం విషయంలో కూడా ఒక మాట. ఏజెంట్లు డాలరుకు 15.42 రుఫియాల లెక్కన చెబుతారు. ఇంటికి పంపుదామంటే బ్యాంకులో నెలకు ఇన్ని డాలర్లే అని పరిమితి. మిగతాది బయట కొనాలి, అక్కడ ఆ రేటు ఉండదు. 75 వేలు అన్నది కాగితం మీద 75 వేలు. చెడ్డ జీవితం అనను. మా ఇల్లు ఆ డబ్బుతోనే కట్టాం. కానీ నేను పోయినప్పుడు మా వాడు ఇంటర్ చదువుతున్నాడు, సూట్‌కేసులో పడుకునే వయసు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మా బడికి ఒకసారి ఇంగ్లీషు టీచర్ వస్తోందని బోటు దగ్గరికి ప్రిన్సిపాల్, ఇద్దరు పిల్లలు పోయారు. పిల్లల చేతిలో కొబ్బరి బోండాలు. బోటు దిగినవాళ్ళలో టీచర్ లేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఆమె రాకపోవడానికి వంద కారణాలుండొచ్చు, నేను తప్పు పట్టను. ముందురోజు ఒక్క ముక్క చెప్పనందుకు ఇప్పటికీ తప్పు పడతాను. ఆ ఏడాది పిల్లలు ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి) పరీక్షకు ఇంగ్లీషు సగం నాతో చదివారు. నా ఇంగ్లీషు ఎంతో మీకు తెలుస్తూనే ఉంది.

నువ్వు మాట ఇచ్చింది బడికి. ఏజెంటుతో ఉన్నది డబ్బు లెక్క, అది వకీలు గారు చూస్తారు. ఈ రెండూ కలిపేసుకుని నిద్ర పాడుచేసుకుంటున్నావు. ఇంతకూ ఆ మేడమ్‌కు రాశావా?

అనంత లెక్కల టీచర్:

లేదు మేడమ్. బడితో నేరుగా మాట్లాడొద్దని ఏజెంటు మొదట్లోనే చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆమెకు మొహం చూపించలేక కూడా రాయలేదు.

విమానం టికెట్టు:

నేరుగా రాస్తే ఏజెంటు పరువు పోతుంది. ముందు ఆయనకు ఒక రోజు టైమివ్వండి, ఆయనే చెబుతాడు.

ప్రొద్దుటూరు మేడమ్:

చెప్పడు. ఆఖరి రోజు దాకా ఈ పిల్లను ఒప్పించాలనే చూస్తాడు. ఈలోగా బడి ఇంకొకరిని వెతుక్కునే 12 రోజులు కాస్తా పోతాయి. ఈ రాత్రే మెయిల్ పెట్టు. నాలుగు లైన్లు చాలు, కారణాలు ఏకరువు పెట్టకు.

పుట్లూరు చీనీతోట:

అక్కా, ఇంకో డౌటు. ఆ కరస్పాండెంట్ 26,000 అన్నాడే, అది కాగితం మీద రాయించుకున్నావా, నోటి మాటేనా?

కడప పాత హెచ్.ఎం.:

సరిగ్గా అడిగావు నాయనా.

ప్రొద్దుటూరమ్మ చెప్పినదాంతో నేను ముప్పాతిక ఏకీభవిస్తాను. సర్టిఫికెట్లు పట్టుకుని బెదిరించడం దౌర్జన్యమే, అందులో రెండో మాట లేదు. అయితే ముందే చెప్పి మానేస్తే తప్పు పూర్తిగా పోతుందనుకోను, తగ్గుతుంది. ఆ వెనక బెంచీ పిల్ల గురించి నువ్వే రాశావు, మేమెవరం అడగలేదు.

అనంత లెక్కల టీచర్ (ఎనిమిది రోజుల తర్వాత):

అందరికీ థాంక్స్. ఆ రాత్రే మెయిల్ పెట్టాను, రాసింది నాలుగు లైన్లే అయినా రెండు గంటలు పట్టింది. పొద్దున ఆరింటికి జవాబు. ఇప్పుడైనా చెప్పినందుకు సంతోషం, మీకు తెలిసిన లెక్కల టీచర్లు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. గుంతకల్లులో నా ఫ్రెండు ఉంది, అదీ నాలాగే డీఎస్సీలో పోగొట్టుకుంది, పెళ్ళి కాలేదు. పోతానంది. మొన్న గురువారం ఇంటర్వ్యూ అయింది, తీసుకున్నారు. ఫైలు మళ్ళీ అదే ఏజెంటు ద్వారానే పోతోంది, బడికి ఆయనతోనే ఒప్పందమట. ఫ్రెండుకు మాత్రం రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దని, చెక్కు అసలే ఇవ్వొద్దని చెప్పాను.

ఆ కబురు వినగానే 80,000 మాట మాయమైంది. వకీలు సార్ చెప్పినట్టు రాసిన లెటర్ కూడా అప్పటికే ఆయనకు అందింది. మా ఆయన, నేను పోతే పాస్‌పోర్టు, ఒరిజినల్స్ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి టేబుల్ మీదికి తోశాడు. కాగితం వెనక ఖర్చు లెక్క వేశాడు. అటెస్టేషన్, మెడికల్, కొరియరు, పోలీసు క్లియరెన్సుకు 500 అన్నీ కలిపి 23,400. ఎక్కువేననిపించింది, అయినా ఒప్పుకున్నాను. మిగతా 36,600 రెండు విడతల్లో ఇస్తాడట. నాన్న ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పాప సూట్‌కేసులో బొమ్మలు పెట్టుకుంది.

చీనీతోట తమ్ముడూ, నోటి మాటే. నిన్న కరస్పాండెంట్‌ను అడిగితే "వచ్చే నెల నుంచి చూద్దాంలేమ్మా" అన్నాడు.

కర్నూలు వకీలు:

చెక్కు?

అనంత లెక్కల టీచర్:

బీరువా తాళం వాళ్ళ తమ్ముడి దగ్గర ఉందట సార్. రేపు సాయంత్రం ఇస్తానన్నాడు.

కర్నూలు వకీలు:

రేపు ఆరింటికి ఇక్కడే మళ్ళీ అడుగుతాను. ఇచ్చినా చించి ఇవ్వనీయకండి. ముందు నంబరు సరిచూసుకోండి.