అన్నీ కలిపి వేసే జర్నల్‌లో ఉర్దూ సాహిత్య వ్యాసం వస్తే దాన్ని పరిశోధన అనాలా, వద్దా?

మూసీ_ఒడ్డు
అందరికీ నమస్తే. నాది ఉర్దూ సాహిత్యం, పీహెచ్‌డీ ఆఖరికొచ్చింది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద గురించి హైదరాబాద్ ఉర్దూ కవులు ఏం రాశారు, ఆ రాతలనుబట్టి అప్పటి నది గురించి మనకు ఏం తెలుస్తుంది అన్నది నా వ్యాసం. అంజద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే బయటపడ్డారు, ఆ తర్వాత దాని మీద కవిత రాశారు. అక్కడ మొదలవుతుంది నా పని.

సాహిత్య పత్రికకు పంపితే ఇది పర్యావరణం అన్నారు. పర్యావరణ పత్రికకు పంపితే ఇది కవిత్వం అని వెనక్కి పంపారు. చివరికి ఒక జర్నల్ తీసుకుంది. సామాజిక ప్రవర్తన, ఉర్దూ సాహిత్యం, వ్యాపారం, పర్యావరణ శాస్త్రం అన్నీ ఒకే సంచికలో వేస్తారు. ఫీజు 3,500 రూపాయలు. మా దగ్గర ఒక సీనియర్ "అక్కడ వేస్తే అది పరిశోధన కిందికే రాదు" అన్నారు, అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. మీరేమంటారు?

కామర్స్_మాస్టారు
వద్దమ్మా. ఉర్దూ గజల్‌నీ, మురుగునీటి విశ్లేషణనీ, మ్యూచువల్ ఫండ్ల మీద సర్వేనీ ఒకే ఎడిటర్ చూసి బాగుంది అన్నాడంటే అతను ఏదీ చూడలేదని అర్థం. ఇది నా ఊహ కాదు. విశ్వవిద్యాలయాల నిధులూ ప్రమాణాలూ చూసే యూజీసీ ఆమోదించిన జాబితాలో విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసి చేర్పించిన జర్నళ్లను పరిశీలించి 2018లో కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. వాటిలో 88 శాతానికి పైగా నాణ్యత లేనివే కావచ్చని తేల్చారు. కొన్నిటికి చిరునామా లేదు, కొన్నిటికి ఐఎస్ఎస్ఎన్ (పత్రిక గుర్తింపు సంఖ్య) తప్పు, కొన్ని లేని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (వ్యాసాలను ఇతరులు ఎంత ఉదహరిస్తారో చెప్పే కొలత) రాసుకున్నాయి. ఆ ఏడాదే యూజీసీ 4,305 జర్నళ్లను జాబితాలోంచి తీసేసింది.

మన ఊరి సంగతే చూడండి. హైదరాబాద్ నుంచి నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల సంస్థ మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. సరైన పీర్ రివ్యూ, అంటే ఆ రంగం తెలిసినవాళ్లు చదివి పరీక్షించడం, లేకుండానే ఉందని చెప్పారనీ, ఫీజుల విషయం రచయితలకు ముందు చెప్పలేదనీ. ఇంత జరిగాక కూడా డబ్బు కట్టి వేయించుకుంటారా?

దక్కనీ_భాయ్
మాస్టారూ, అన్నీ కలిపి వేయడం తప్పైతే నేచర్, సైన్స్ పత్రికలు కూడా తప్పేనా? ప్లాస్ వన్ 2006 నుంచి అన్ని శాస్త్రాలూ వేస్తోంది, ఫీజు కూడా తీసుకుంటుంది. ఇంగ్లిష్‌వాళ్లు కలిపితే మల్టీడిసిప్లినరీ, మనవాళ్లు కలిపితే కిచిడీ. ఇదెక్కడి న్యాయం?

కామర్స్_మాస్టారు
వాళ్లకు ఒక్కో రంగానికి వేర్వేరు ఎడిటర్లు ఉంటారు. ఇక్కడ ఒక్క గది, ఒక్క కంప్యూటర్, ఒక్క జీమెయిల్. మీరు పోల్చేవి రెండూ ఒకటి కావు.

పాత_లైబ్రరీ
జీమెయిల్ ఐడీ ఉంటే ఫేక్ అనడం తప్పు. చాలా మంచి చిన్న పత్రికలకు వేరే మెయిల్ పెట్టుకునే స్తోమత లేదు.

కామర్స్_మాస్టారు
నేను జీమెయిల్ ఒక్కటే అనలేదు.

పాత_లైబ్రరీ
అన్నారు సార్, పైన ఉంది.

నీటిలెక్కలు
నేను చెరువుల మీద పని చేస్తాను. మేడం, కవితలోంచి నది గురించి తెలుస్తుంది అన్నారు కదా, ఏం తెలుస్తుందో కొంచెం చెప్పండి. నీళ్లు ఏ మొహల్లా దాకా వచ్చాయి, ఎంతసేపు నిలిచాయి లాంటివి ఉన్నాయా? ఉంటే అది నాకు చాలా విలువైన సమాచారం. లేకపోతే కవి బాధ మాత్రమే అయితే పర్యావరణ జర్నల్ వాళ్లు వెనక్కి పంపడంలో తప్పులేదు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారు వచ్చి పథకం ఇచ్చారు, ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇంజనీరింగ్ కాగితాలు ఉన్నాయి కానీ జనం ఏం చూశారన్నది వాటిలో దొరకదు.

మూసీ_ఒడ్డు
కొన్నిటిలో ఉంది సార్. మొహల్లా పేర్లు, వంతెనల పేర్లు, జనం ఏ వైపు పరిగెత్తారు అన్నవి. కవిత్వం అతిశయోక్తి చేస్తుందని నాకూ తెలుసు, ఏది అతిశయోక్తి, ఏది కళ్లతో చూసింది అని వేరు చేయడానికి నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగు పేజీల మీద ఎవరైనా నాతో వాదిస్తారేమో అని ఎదురుచూశాను.

డీటీపీ_రమ
ఒక్కమాట. నేను ఉర్దూ, తెలుగు రెండూ టైప్‌సెట్ చేస్తాను. ఉర్దూ పాత ఫైళ్లు ఇన్‌పేజ్‌లో ఉంటాయి, తెలుగువి అను ఫాంట్లలో ఉంటాయి. రెండూ యూనికోడ్ కాదు. గూగుల్‌లో వెతికితే దొరకవు, కాపీ కొట్టారో లేదో చూసే సాఫ్ట్‌వేర్‌కి అర్థం కావు. మంచి పత్రికలో వేసినా ఎవరికీ కనపడదు, చెత్త పత్రికలో వేసినా కనపడదు. ముందు దాని గురించి మాట్లాడండి.

దక్కనీ_భాయ్
శభాష్ రమక్కా. ఇదే నేను చెప్పాలనుకున్నది. ఉర్దూలో రాస్తే కనపడదు, ఇంగ్లిష్‌లో రాస్తేనే లెక్క. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు బోధన అంతా ఉర్దూలోనే. దానికి ఏడాది ముందే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి గణితం, రసాయన శాస్త్రం, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. వైద్యం, ఇంజనీరింగ్ కూడా మన భాషలో చెప్పవచ్చని చేసి చూపించారు. ఇప్పుడు అదే ఊళ్లో ఉర్దూ మీద పరిశోధనకే ఇంగ్లిష్ సర్టిఫికెట్ కావాలంటున్నారు.

కామర్స్_మాస్టారు
ఎవరి భాష భాయ్? నల్గొండ, వరంగల్ పల్లెల్లో తెలుగు తప్ప రాని పిల్లవాడికి ఆ ఉర్దూ ఎవరి భాష? 1921లో హైదరాబాద్‌లో సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు, దాంతోనే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మా తాత ఉర్దూ మీడియంలో తప్పి చదువు ఆపేశాడు. మీకు స్వర్ణయుగం, మాకు కాదు.

దక్కనీ_భాయ్
అంటే అసలు సంగతి ఇదన్నమాట. పీర్ రివ్యూ, ఐఎస్ఎస్ఎన్ అని ఇంతసేపు చెప్పింది వట్టిదే. ఉర్దూ అంటేనే మీకు మంట. మీ తాతకు జరిగినదానికి ఈ అమ్మాయి వ్యాసం ఏం చేసింది?

కామర్స్_మాస్టారు
నోరు అదుపులో పెట్టుకో. నాకు ఉర్దూ మీద ద్వేషం అని నువ్వెలా అంటావు? మా ఇంట్లో ఇప్పటికీ తాత నాటి పహాణీ (భూమి రికార్డు) కాగితాలు ఉర్దూలోవే ఉన్నాయి, వాటిని ఒక్క ముక్క చదవలేక పొలం గట్టు తగాదాలో డబ్బు పెట్టి చదివించుకున్నాను.

పాత_లైబ్రరీ
ఇద్దరూ కొంచెం ఆగండి.

కామర్స్_మాస్టారు
ఆగను, పూర్తిగా చెప్తాను. నేను నాలుగేళ్లు వారపు సంతల్లో తిరిగి చిన్న వ్యాపారులు అప్పు ఎలా ఇస్తారు, ఎవర్ని నమ్ముతారు, నోటిమాట మీద ఎంత సరుకు వదుల్తారు అని రాశాను. వాళ్లతో పాటు తెల్లవారుజామున నాలుగింటికి ఆటోలో సరుకుతో కూర్చుని వెళ్లేవాడిని. మూడు పేపర్లు వచ్చాయి. ఒక్కోదానికి ఏడాదిన్నర పట్టింది, ఒకదాన్ని రివ్యూయర్ రెండుసార్లు తిరగరాయించాడు, ఆయన పేరు కూడా నాకు తెలియదు కానీ ఆయన వల్లే అది పేపర్ అయింది. ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్తే నా పక్క మనిషికి పంతొమ్మిది పేపర్లు, అన్నీ ఇలాంటి కలగూర జర్నళ్లలోనివి. యూజీసీ 2018 నిబంధనల పట్టికలో మా రంగానికీ భాషలకీ పేపర్‌కి 10 పాయింట్లు. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే పక్కన ఒక పేరు చేర్చుకుంటే ఇద్దరికీ లాభమే. ఆ పేపర్లు ఎవరూ తెరిచి చూడలేదు, లెక్కపెట్టారు. ఉద్యోగం అతనికి వచ్చింది. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు. అందుకే ఈ జర్నళ్ల పేరు వింటే నాకు ఒళ్లు మండుతుంది. భాష గురించి కాదు.

డీటీపీ_రమ
అయ్యో మాస్టారూ. చాలా అన్యాయం.

సంత_బేరం
2022 నవంబర్‌లోనే పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కాదన్నారు కదా, మరి మేడం ఎందుకు వేయాలి?

మూసీ_ఒడ్డు
యూజీసీ తీసేసింది, మా దగ్గర తీయలేదు. థీసిస్ ఇవ్వాలంటే ఒక పేపర్ చూపించమంటున్నారు. 2025 ఫిబ్రవరిలో కేర్ లిస్ట్, అంటే యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, కూడా ఎత్తేశారు, ఏది మంచి జర్నలో సంస్థలే నిర్ణయించుకోవాలన్నారు. ఇప్పుడు మా దగ్గర ఎవరి నోటికి వచ్చింది వాళ్లు చెప్తున్నారు.

మాస్టారు గారూ, మీకు జరిగింది చదివి బాధేసింది, నిజంగా. కానీ ఆ పంతొమ్మిది పేపర్ల మనిషి పక్కన నన్ను నిలబెట్టకండి. నాకు ఒక్క వ్యాసమే ఉంది. మూడేళ్లు పాత సంచికలు తిరగేశాను, పంజాగుట్ట ఐవానె ఉర్దూలో పురుగు పట్టిన పేజీలు చేతిలో పొడి అవుతుంటే ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. రెండు పత్రికలు వెనక్కి పంపాయి, రెండిటిలోనూ వ్యాసం చదివిన ఆనవాలు లేదు, ఇది మా పరిధి కాదు అని ఒక్క వాక్యం. బాగాలేదని అన్నా సంతోషించేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇంతవరకు చెప్పలేదు. ఈ మూడో జర్నల్ ఆరు రోజుల్లో ఓకే చేసింది. ఒక్క అక్షరం మార్చమనలేదు. వ్యాసం ఇంగ్లిష్‌లోకి మార్చి పంపమన్నారు, ఉర్దూ పద్యాలు కొన్ని ఇంగ్లిష్ లిపిలో పెట్టమన్నారు, మిగతా పద్యాలు తీసేయమన్నారు. అవి తీసేస్తే నా నాలుగు పేజీలు ఉండవు.

కామర్స్_మాస్టారు
ఆరు రోజులు! చూశారా. నేను మొదట్నుంచీ అదే చెప్తున్నాను.

దక్కనీ_భాయ్
ఆరు రోజుల సంగతి వదిలేయండి మాస్టారూ, మూలం తీసేయమన్నారు, అది చూడండి. అంజద్ మాటలు లేకుండా అంజద్ మీద వ్యాసమా? ఇప్పటిదాకా నేను ఆ జర్నల్‌ని వెనకేసుకొచ్చాను, ఇక రాను. కానీ మీ మంచి జర్నళ్లు కూడా చదవకుండానే వెనక్కి పంపాయి కదా, దానికి మీ దగ్గర జవాబు ఏంటి?

కామర్స్_మాస్టారు
లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నీటిలెక్కలు
నా పనిలో కూడా ఇదే సమస్య. చెరువుల శిఖం భూమి (నీళ్లు నిలిచే భూమి) ఎంతో తేల్చాలంటే పాత సేత్వార్‌లు (పాత భూమి సర్వే రికార్డులు), పహాణీలు చూడాలి, పాతవి చాలావరకు ఉర్దూ, పారసీ మాటలే. ఉపగ్రహ చిత్రాలు చదివే పిల్లలు నా దగ్గర ఎనిమిది మంది ఉన్నారు, ఆ కాగితం చదివేవాళ్లు ఒక్కరూ లేరు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ నిర్మాణాలను కట్టడి చేసే జీవో 111ను 2022లో ఎత్తేస్తామన్నప్పుడు ఆ జంట జలాశయాల గురించి ఎంతమంది మాట్లాడారు! వాళ్లలో పాత రాతలు తెరిచినవాళ్లు నాకు కనపడలేదు. మాస్టారు చెప్పినట్టు వ్యాసాన్ని ఒక్క ఎడిటరే చూశారా ఇద్దరు చూశారా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఈ వ్యాసానికి ఉర్దూ తెలిసిన ఒకరు, నది తెలిసిన ఒకరు కలిసి కూర్చోవాలి. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే జర్నల్ మన దగ్గర లేదు. కిచిడీ జర్నళ్లు పేరుకే అన్నీ కలుపుతాయి, మనుషుల్ని కలపవు.

కామర్స్_మాస్టారు
ఒప్పుకుంటాను. అయినా డబ్బు కట్టి వేయించుకోవడం మాత్రం ఒప్పుకోను. థీసిస్ ఆర్నెల్లు ఆలస్యమైనా పర్వాలేదు.

దక్కనీ_భాయ్
ఆర్నెల్లు ఆలస్యమైతే ఫెలోషిప్ ఆగిపోతుంది, ఇంటి అద్దె మీరు కడతారా?

కామర్స్_మాస్టారు
అలా అడిగితే ఏం చెప్పను. ఆ అమ్మాయి ఇష్టం.

మూసీ_ఒడ్డు
ఫెలోషిప్ మార్చి దాకా ఉంది. ఫీజు రేపు సాయంత్రం 5 లోపు కట్టాలి, ఇంకా కట్టలేదు. నీటిలెక్కలు గారూ, ఆ నాలుగు పేజీలు మీరు చూస్తారా? తెలుగు అనువాదం చేసి పెట్టుకున్నాను, మా గైడ్‌కి కూడా చూపించలేదు.

నీటిలెక్కలు
ఈ రాత్రికే పంపండి. వంతెనల పేర్లు మూలంలో ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి, అనువాదంలో మార్చొద్దు. పాత పటం పక్కన పెట్టుకుని చూస్తాను.

దక్కనీ_భాయ్
ఉర్దూ మూలం నాకు పంపు చెల్లీ. ఫోన్‌లో చదివి ఆయనకు వినిపిస్తాను. మాస్టారూ, మీ పహాణీ కాగితాలు కూడా ఫొటో తీసి పెట్టండి, మళ్లీ డబ్బులిచ్చి చదివించుకోవద్దు.

కామర్స్_మాస్టారు
ఆదివారం ఊరికి వెళ్తున్నాను. తెస్తాను.