నాలుగేళ్లవాడికి రోజుకు రెండు పేజీల రాత అవసరమా?

గుంటూరు కోడలు
మా వాడికి నాలుగేళ్ల మూడు నెలలు, ఎల్‌కేజీ. రోజూ రెండు పేజీల రాత హోంవర్కు. నిన్న ‘అ’ ఎంతకీ కుదరక పెన్సిల్ విసిరికొట్టి మంచం కిందికి దూరాడు. మా తోడికోడలి కూతురిది వేరే బడి, మాంటిస్సోరి అంటారు. అక్కడ పుస్తకాల సంచే లేదు. చెంబులోంచి చెంబులోకి నీళ్లు పోస్తుంది, చెక్క దిమ్మెలు పేరుస్తుంది, తన చాప తనే చుట్టి పెడుతుంది. ఏ పని చేయాలో పిల్లే ఎంచుకుంటుందట. ఫీజు మాత్రం మాకు రెట్టింపు. “నీళ్లు పోయడం నేర్పడానికి అంత డబ్బా? మన పంపు దగ్గర వదిలితే ఊరికే పోస్తాడు” అన్నారు మా మామగారు. నవ్వేశాను గానీ వాడి మొహం కళ్లముందే తిరుగుతోంది. వచ్చే ఏడు బడి మార్చమంటారా?

కరీంనగర్ అన్న
మీ మామ చెప్పింది నిజం. మా అమ్మ, నాయిన ఇద్దరూ ఏలిముద్రలోళ్లే. మా సారు చెయ్యి పట్టి దిద్దిచ్చిండు కాబట్టే నాకు అక్షరమొచ్చింది. పిల్లగానికి మనసైనప్పుడు నేర్చుకుంటడని ఇడిసిపెడితే, ఇంట్ల చెప్పేటోడు లేనోని గతేంది? అమ్మ డిగ్రీ, నాయిన సాఫ్ట్‌వేర్ అయినోళ్లకు ఈ ఆటలన్నీ నడుస్తయి. బళ్లె ఏం నేర్పకున్నా రాత్రి ఇంట్ల నేర్పుకుంటరు.

బెజవాడ మాంటిస్సోరి
పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను. అన్నా, ఇది డబ్బున్నవాళ్ల కోసం పుట్టిన పద్ధతి కాదు. మరియా మాంటిస్సోరి అనే డాక్టరు 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లోరెంజో అనే కూలీల వాడలో మొదటి బడి తెరిచింది. తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద గోడలు పాడుచేస్తూ తిరిగే పిల్లలే ఆమె మొదటి శిష్యులు.

రెండోది, పిల్లని వదిలేయడం ఇందులో లేదు. అలమరలో ఏముండాలో నేనే నిర్ణయిస్తాను. ప్రతి సామానూ ఒక్కటే ఉంటుంది. గులాబీ దిమ్మెలు పక్కపిల్ల దగ్గరుంటే ఆమె తిరిగి పెట్టేదాకా ఆగాల్సిందే. ఆ దిమ్మెలు పది, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా. తప్పు పేరిస్తే నేను చెప్పక్కర్లేదు, కళ్లకే కనిపిస్తుంది. అక్షరానికి గరుకు కాగితం కత్తిరించి అట్టకి అంటిస్తాం. వేలితో తడుముతూ “ఇది ర” అంటాను. తర్వాత “ర ఏది, చూపించు”. బాగా వచ్చాకే “ఇదేమిటి?” అని అడుగుతాను. నాలుగేళ్లకే చదివే పిల్లలు మా దగ్గరున్నారు. పెన్సిల్ తర్వాత.

ఇంకోమాట. ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. లోపల డెస్కులు, నాలుగు గీతల కాపీలు, బయట మాంటిస్సోరి. బడి మార్చేముందు గంటసేపు వెనక కూర్చుని చూడనిస్తారేమో అడగండి. చూడనివ్వకపోతే అదే జవాబు.

కరీంనగర్ అన్న
టీచరమ్మా, మంచిగ చెప్పిన్రు. కానీ రోమ్‌ల కూలోళ్ల పిల్లలకు మొదలైంది మన దగ్గర పైసలున్నోళ్ల కాలనీలకే ఎందుకు పరిమితమైంది? దానికి జవాబు లేదు.

ఒంగోలు అంగన్‌వాడీ
ఎందుకు లేదు తమ్ముడూ, నా కేంద్రంలో ఉంది. మాకు ఫీజు లేదు, గుడ్డు కూడా పెడతాం. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైనప్పటి నుంచీ ఆటపాటల చదువు మా పనే. చింతపిక్కలు లెక్కపెట్టిస్తా, మట్టితో పళ్లు చేయిస్తా, ఆకులు పెద్దవీ చిన్నవీ వేరు చేయిస్తా. కానీ బరువులు తూయాలి, ఫోనులో ఎక్కించాలి, రిజిస్టర్లు రాయాలి, సర్వే అంటే పోవాలి. మిగిలిన టైములో పిల్లలు. ఇంతా చేస్తే నాలుగేళ్లు రాగానే “మీరు రాయించరు కదా టీచర్” అని కాన్వెంటుకి తీసుకుపోతారు. కూలికి పోయే అమ్మలే అప్పుచేసి చేరుస్తున్నారు. నిండిన నోటుబుక్కు చూస్తే వాళ్లకు డబ్బు దక్కినట్టు ఉంటుంది. వాళ్లను తప్పు పట్టలేను.

వాట్సాప్ బాబాయ్
నాలుగేళ్ల చేతి ఎక్స్‌రే చూశారా? మణికట్టు ఎముకలే ఉండవు. రాయించడం పాపం!

నేను ఫిజియోని
బాబాయ్, ఎక్స్‌రేలో కొన్ని ఎముకలు ఇంకా కనబడని మాట నిజమే, దాంతో తీసిన తీర్పే తప్పు. మణికట్టు ఎముకలు ఒక్కొక్కటిగా గట్టిపడుతూ పదేళ్లు దాటాక గానీ పూర్తికావు. ఆ లెక్కన ఐదో తరగతి దాకా పెన్సిల్ ముట్టకూడదు. వేళ్ల పట్టు సంగతి వేరు. బటాణీలు ఒలవడం, పిండి పిసకడం, బొత్తాలు పెట్టుకోవడం దానికి పనికొస్తాయి.

రిటైర్డ్ తెలుగు మాస్టారు
అమ్మాయీ, మీవాడు ‘అ’ దగ్గరే విసిగిపోవడంలో వింతేమీ లేదు. వర్ణమాల వరుస ఉచ్చారణ కోసం పెట్టింది, రాత కోసం కాదు. చేతికి ర, ట, గ తేలిక. ప వస్తే ష, ఫ దాని వెంట వస్తాయి. మనం మాత్రం మెలికలు తిరిగే ‘అ’తో మొదలుపెట్టి, మొదటి నెలలోనే ‘ఋ’ దిద్దిస్తాం.

చేత్తో నేర్చుకోవడం మనకు కొత్త కాదు. అక్షరాభ్యాసం బియ్యంలోనే కదా. వీధిబళ్లలో పిల్లలు ఇసుకలో వేలితో దిద్దేవారు. మద్రాసులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర ఇది చూసి, తన బడిలో పెట్టి, ఇంగ్లండుకు తిరిగివెళ్లాక 1797లో దాని మీద పుస్తకం వేశాడు. అయితే “మన పూర్వీకులు” అని ఛాతీ విరుచుకోకండి. ఆ వీధిబళ్లలోనే కోదండం వేయించేవారు, అంటే పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీయడం. మా తాతగారు చూశారు.

ఫ్రిస్కో అమ్మ
పరిశోధనలు రెండువైపులా ఉన్నాయి. ఇక్కడ అమెరికాలో, మిల్వాకీ ఊళ్లో, లాటరీలో మాంటిస్సోరి సీటు వచ్చిన పిల్లల్ని, రానివాళ్లని పోల్చి 2006లో ‘సైన్స్’ పత్రికలో వేశారు. అయిదేళ్లప్పుడు సీటు వచ్చినవాళ్లు అక్షరాల్లో, లెక్కల్లో ముందున్నారు. పన్నెండేళ్ల పిల్లల్లో చదువు, లెక్కల మార్కుల తేడా కనబడలేదు. కరీంనగర్ అన్న మాటకీ ఆధారం ఉంది. 1970లలో ఇక్కడ పేదపిల్లల మీద జరిగిన ఫాలో త్రూ అనే పెద్ద ప్రయత్నంలో టీచరు అడుగడుగునా చెప్పి అనిపించే పద్ధతే ప్రాథమిక చదువులో బాగా పనిచేసింది.

మా ఇంటి అనుభవమూ చెప్తాను. మూడేళ్ల పాపకి శనగలు, పెసలు కలిపి వేరుచేయమని ఇచ్చాను. ఫోన్ ఎత్తేలోపు శనగ ముక్కులోకి పోయింది. తర్వాత రెండు గంటలు ఎమర్జెన్సీలో కూర్చున్నాం.

బెజవాడ మాంటిస్సోరి
అందుకే పక్కన కూర్చుని చూడాలి అంటాం. చూడటమే మా సగం ఉద్యోగం.

విశాఖ నైట్‌షిఫ్ట్
అది బడిలో అండీ. ఇంట్లో? ఏడూ నలభైకి వ్యాను. మావాడు బూట్లు తనే వేసుకుంటానంటాడు, పన్నెండు నిమిషాలు పడుతుంది. ‘పిల్లాడి వేగంలో’ అని వీడియోల్లో చెప్పేవాళ్లెవరూ వ్యాను హారన్ వినలేదు. శనివారం, ఆదివారం వాడే వేసుకుంటాడు. మిగతా ఐదురోజులు నేను వేస్తాను. నాకేమీ సిగ్గులేదు.

నెల్లూరు లాయరు
మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకమే పెట్టొద్దని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతోంది. ఒకటో తరగతి సీటుకు పరీక్ష పెట్టడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నేరం, మొదటిసారి 25,000 రూపాయల దాకా జరిమానా. అయినా “ఊరికే ఇంటరాక్షన్ అండీ” అంటూ పిల్లాడి చేత పేరు రాయిస్తారు. ఆ భయంతోనే ఎల్‌కేజీలో రెండు పేజీలు.

కరీంనగర్ అన్న
సరే, ఒకటి ఒప్పుకుంట. మా సారు దిద్దిచ్చింది పెన్సిల్‌తోని కాదు, ఇసుకలనే. కానీ ఆయన కూసోని దిద్దిచ్చిండు. నాకు ఎప్పుడు మనసైతదో అని చూడలె. నా మాట అంతే.

గుంటూరు కోడలు
అందరికీ థ్యాంక్స్. ఈరోజు క్లాసు టీచర్ని కలిశాను. చిన్నమ్మాయి, ఇరవై మూడేళ్లుంటాయేమో. రెండు పేజీలు ఎందుకండీ అని మెల్లగా అడిగాను. “పోయినేడు నర్సరీలో అరపేజీయే ఇచ్చాను మేడమ్, ముగ్గురు పేరెంట్స్ ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇచ్చారు” అంది. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఆ అమ్మాయికి గుర్తుందో లేదో తెలియదు, నాకు మాత్రం గుర్తొచ్చింది.

విశాఖ నైట్‌షిఫ్ట్
మరి తగ్గించిందా?

గుంటూరు కోడలు
లేదు, ప్రిన్సిపాల్‌ని అడగాలట. అప్పటిదాకా ఒక పేజీ వాడు రాస్తున్నాడు. రెండోది నేను రాస్తున్నాను, ఎడమచేత్తో.